మంగళవారం ప్రింటు కాని ఫైలు

ఉబుంటు లినక్స్ వాడే ఒకాయన భార్య ఒక సంగతి గమనించింది: ఓపెన్ ఆఫీసు నుంచి మంగళవారాల్లో ప్రింటు రావడం లేదు! మిగతా రోజుల్లో అదే కంప్యూటరు, అదే ప్రింటరు నిక్షేపంగా పనిచేస్తున్నాయి.

వినడానికి విడ్డూరంగా ఉన్నా, 2009లో ఆయన ఆ మాటను ఉన్నదున్నట్టు ఉబుంటు బగ్ రిపోర్టులో చేర్చారు. తీగ లాగితే డొంక కదిలింది. ప్రింటుకు వెళ్లే పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు పైభాగంలో, అది తయారైన వారం, తేదీ రాసి ఉంటాయి. ఏ ఫైలు ఏ రకానిదో చెప్పే 'ఫైల్' అనే చిన్న ప్రోగ్రాములో ఒక నియమం తప్పుగా రాసి ఉంది. ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషకు చెందిన ఒక రకం ఫైళ్లను గుర్తించడానికి అది ఒక పూర్తి తేదీని సరిచూడాలి. అలా చూడకుండా, మంగళవారాన్ని సూచించే మూడు ఇంగ్లీషు అక్షరాలు కనిపించగానే 'ఇది ఎర్లాంగ్ ఫైలు' అని తేల్చేస్తోంది. దాంతో ప్రింటు ఆగిపోతోంది. తప్పు ఓపెన్ ఆఫీసుదీ కాదు, ప్రింటరుదీ కాదు. 'ప్రింటు రావడం లేదు' అని మాత్రమే రాసి ఊరుకుంటే అసలు చోటు పట్టుకోవడం ఎంతో కష్టమయ్యేది.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని బాగుచేసేవాళ్లలో చాలామంది తీరిక వేళల్లో, జీతం లేకుండా పనిచేస్తారు. తప్పు తమ కంప్యూటరులోనూ కనిపిస్తేనే వాళ్లు దాన్ని వెతకగలరు. పుటీ ప్రోగ్రాము రచయిత సైమన్ టాథమ్ 1999లో బగ్ రిపోర్టుల మీద రాసిన వ్యాసంలో ప్రధానంగా చెప్పిందీ ఇదే. మొజిల్లా సంస్థ కోసం 1998లో మొదలైన బగ్‌జిల్లా అనే బగ్‌ల నమోదు వ్యవస్థలో, ఎంత ప్రయత్నించినా కనిపించని బగ్‌ను 'వర్క్స్ ఫర్ మీ' అనే ముద్రతో మూసేస్తారు. అందుకే రిపోర్టులో మూడు విషయాలు తప్పనిసరి: ఏమేం చేస్తే తప్పు వస్తోంది, ఏం రావాలి, ఏం వస్తోంది. వీటికి సాఫ్ట్‌వేర్ వెర్షను, ఆపరేటింగ్ సిస్టమ్ వివరాలు తోడవ్వాలి. ఎర్రర్ మెసేజీని సొంత మాటల్లో చెప్పకుండా అక్షరం పొల్లుపోకుండా కాపీ చేయాలి. కారణం గురించి ఊహ ఏదైనా ఉంటే, అది ఊహేనని విడిగా రాయాలి.

తెలుగువాళ్ల విషయంలో రెండో అంశం, అంటే 'ఏం రావాలి' అన్నది, మరీ ముఖ్యం. 'లిబ్రేఆఫీసులో ఒత్తులు సరిగా రావడం లేదు' అని రాస్తే, తెలుగు చదవలేని డెవలపరుకు తెర మీద ఉన్నది తప్పో ఒప్పో తెలియదు. తప్పుగా కనిపిస్తున్న పదం స్క్రీన్‌షాట్, సరైన రూపం చూపే మరో బొమ్మ, అదే పదం కాపీ చేసుకోవడానికి వీలైన యూనికోడ్ పాఠంగా, ఫాంటు పేరు, దాని వెర్షను - ఇవన్నీ కలిపి పంపాలి. ఇంకో ఫాంటుతోనూ పరీక్షించాలి. ఒక్క ఫాంటులోనే చెడితే అనుమానం ముందుగా ఆ ఫాంటు మీదికే వెళుతుంది. అన్నింటిలోనూ చెడితే అక్షరాలను అమర్చే హార్ఫ్‌బజ్ లాంటి ఇంజను వైపు చూడాలి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ అన్నీ దాన్నే వాడుతున్నాయి కాబట్టి, అక్కడ ఒక్క సవరణ జరిగితే కోట్లమందికి చేరుతుంది.

తప్పును వీలైనంత చిన్నది చేసి చూపడం ఇంకో మేలు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లలోని యాప్‌లను కూల్చేసింది. ఆపిల్ సాఫ్ట్‌వేర్‌లోని ఆ భాగం ఓపెన్ సోర్స్ కాకపోయినా, బయటివాళ్లు దాన్ని అయిదు యూనికోడ్ సంకేతాల దాకా కుదించి చూపారు: జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, చివర దీర్ఘం. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 వెర్షనుతో ఆపిల్ దాన్ని సరిచేసింది. వంద పేజీల డాక్యుమెంటు కూలిపోతుంటే సగం తీసేసి చూడటం, మళ్లీ సగం తీసేయడం ఇలాంటి కుదింపే. పాత వెర్షనులో బాగుండి కొత్తదానిలో చెడితే, ప్రోగ్రాములో చేసిన మార్పులను నమోదు చేసే గిట్‌లోని 'బైసెక్ట్' ఆ మార్పుల జాబితాను ఇలాగే సగాలు చేస్తూ పోతుంది. వెయ్యి మార్పుల్లో దోషిని పట్టడానికి సుమారు పది పరీక్షలు చాలు.

భద్రతకు సంబంధించిన లోపాల దారి వేరు: వాటిని ముందు గుట్టుగా చెప్పాలి. 2024లో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన డెబియన్ లినక్స్ కంప్యూటరులోకి దూరం నుంచి ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందని గమనించారు. కొలతలు తీసి ఆరా తీస్తే, ఎక్స్‌జడ్ ప్రోగ్రాము 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టినట్టు బయటపడింది. ఆయన ముందుగా డెబియన్ భద్రతా బృందానికి, ఇతర లినక్స్ పంపిణీల బృందాలకు తెలిపి, మార్చి 29న కొలతలతో సహా అందరి ముందూ పెట్టారు. ఇలాంటివి చెప్పడానికి చాలా ప్రాజెక్టులు ప్రత్యేక చిరునామా ఇస్తాయి.

పంపేముందు అదే బగ్‌ను ఇంకెవరైనా చెప్పారేమో వెతకాలి. ఒక్కో రిపోర్టులో ఒక్క బగ్గే ఉండాలి. పంపాక డెవలపర్ ప్రశ్నలకు జవాబివ్వాలి. ఫైర్‌ఫాక్స్ 'నైట్లీ' లాంటి పరీక్షా వెర్షనులో సవరణ చేరగానే, మొదట రాసిన వరసలోనే అన్నీ మళ్లీ చేసి చూసి, ఫలితాన్ని వెర్షను నంబరుతో సహా అదే రిపోర్టులో చేర్చాలి.