బీపీ మాత్ర అంటే భయం, నొప్పి మాత్ర అంటే చనువు: ఏ మందు ఆపకూడదు, ఏది తగ్గించుకోవచ్చు?

30 ఏళ్లు దాటినవారికి ఉచిత బీపీ, షుగర్ పరీక్షలు, మందుల కార్యక్రమంపై సమాచార పత్రం

గ్రామ సభల్లోనూ, వైద్య శిబిరాల్లోనూ బీపీ, షుగర్ మందుల మాట ఎత్తగానే దాదాపు అన్ని ఊళ్లలో ఇవే ప్రశ్నలు వస్తాయి. "ఒకసారి మొదలెడితే జీవితాంతం వేసుకోవాల్సిందేనంట కదా?" "ఆ మాత్రలకు కిడ్నీలు పోతాయంట, నిజమేనా?" "రోజూ నడుస్తున్నా, అన్నం తగ్గించా, ఇక మాత్ర ఎందుకు?"

అడగాల్సిన ప్రశ్నలే. ఇబ్బంది అసలే లేని మందు ఉండదు. మంచి అలవాట్లతో కొన్ని మందుల అవసరం తగ్గే మాటా వాస్తవమే. కాకపోతే చాలామంది భయపడాల్సిన చోట భయపడటం లేదు. కిడ్నీని కాపాడే బీపీ మాత్రను భయంతో ఆపేస్తున్నారు. కిడ్నీని నిజంగా దెబ్బతీయగల నొప్పి మాత్రను మాత్రం కిళ్లీ కొట్టులో కొని రోజూ మింగుతున్నారు. ఈ తేడా తెలియజెప్పడమే ఈ పత్రం ఉద్దేశం.

ఎందుకింత పట్టింపు?

పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద రాష్ట్ర ప్రభుత్వం నెలకు రూ.15,000, డయాలసిస్ చేయించుకుంటున్నవారికి రూ.10,000 పింఛను ఇస్తోంది. ఆ సాయం అవసరమే. కానీ ఆ పింఛను తీసుకోవాల్సిన పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు. పక్షవాతానికి పెద్ద కారణం అదుపులో లేని బీపీ. కిడ్నీలు పాడవడానికి పెద్ద కారణాలు షుగర్, బీపీ. రెండింటినీ ముందే పట్టుకోవచ్చు, అదుపులో పెట్టుకోవచ్చు.

ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు.

కార్యక్రమం ఏమిటి?

2010లో మొదలైన జాతీయ అసాంక్రమిక వ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో భాగంగా 30 ఏళ్లు దాటినవారందరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేస్తారు. నోటి క్యాన్సర్‌కు, మహిళలకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు కూడా పరీక్షలుంటాయి.

• ముందుగా ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చిన్న ఫారం నింపుతారు. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, శారీరక శ్రమ, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులున్నాయా అన్న వివరాలు అడుగుతారు. స్కోరు 4 దాటితే మీకు పరీక్ష ముందుగా చేయాలి. దాటకపోయినా పరీక్ష మానొద్దు.
• మీ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎం గానీ, అక్కడి ఆరోగ్య అధికారి గానీ బీపీ, షుగర్ చూస్తారు.
• తేడా ఉంటే పీహెచ్‌సీకి పంపుతారు. డాక్టరు నిర్ధారించాక మందులు ఉచితంగా ఇస్తారు.

అలవాటుతో ఎంత తగ్గుతుంది? మాత్ర ఎప్పుడు తప్పదు?

ఇది లెక్క వేసి చూసుకోవాల్సిన విషయం. బీపీ ఉన్నవారు ఉప్పు బాగా తగ్గిస్తే పై అంకె సుమారు 5 పాయింట్లు దిగుతుంది. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే దాదాపు మరో 5 పాయింట్లు. అధిక బరువున్నవారు ఒక్కో కిలో తగ్గితే సుమారు ఒక్కో పాయింటు.

ఇప్పుడు ఇద్దరిని తీసుకోండి. ఒకరి బీపీ 146/92. షుగర్ లేదు, గుండె, కిడ్నీ జబ్బులు లేవు. ఈ వ్యక్తి ఉప్పు తగ్గించి, నడక పెంచితే 140 లోపుకు రాగలరు. డాక్టరు కొన్ని నెలలు అలవాట్లతోనే చూద్దాం అనొచ్చు. రెండో వ్యక్తి బీపీ 176/104. ఎంత శ్రద్ధగా ఉన్నా అలవాట్లతో తగ్గేది పది, పదిహేను పాయింట్లు. అయినా 160 దగ్గరే ఆగుతుంది. ఈయనకు మాత్ర వెంటనే కావాలి, దానితోపాటు అలవాట్లూ మారాలి. అప్పుడు తక్కువ మాత్రలతో సరిపోవచ్చు.

షుగర్ విషయంలోనూ అంతే. చెన్నై పరిశోధకులు షుగర్ అంచున ఉన్న 531 మందిని మూడేళ్లపాటు గమనించి, ఫలితాలను 2006లో ప్రచురించారు. మామూలుగా ఉన్నవారిలో 100కు 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవారిలో 39 మందికి, మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో సుమారు 40 మందికి వచ్చింది. రెండూ కలిపి చేసినవారిలోనూ దాదాపు అంతే. అంటే అంచున ఉన్నప్పుడు అలవాటు మాత్రతో సమానంగా పనిచేసింది.

ఇది అంచున ఉన్నవారి సంగతి. షుగర్ ఇప్పటికే వచ్చి, మాత్రలు వాడుతున్నవారు ఈ లెక్క చూసి మాత్ర ఆపకూడదు. అలవాట్లు మార్చుకున్నా 39 మందికి షుగర్ వచ్చిందన్నదీ మరవొద్దు. ఏడాదికోసారి పరీక్ష తప్పనిసరి.

"కిడ్నీలు పోతాయంట" అన్న మాట ఎలా పుట్టింది?

బీపీ, షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కిడ్నీలు మెల్లగా దెబ్బతింటాయి. ఆ మనిషి అప్పటికే మాత్రలు వాడుతుంటారు కాబట్టి చూసేవారికి మాత్రల వల్లే పోయాయనిపిస్తుంది. పైగా కిడ్నీ బలహీనపడ్డాక డాక్టర్లు మెట్‌ఫార్మిన్ తగ్గిస్తారు లేదా ఆపుతారు. దాంతో అనుమానం ఇంకా బలపడుతుంది. నిజానికి టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రను, షుగర్ వల్ల మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారికి కిడ్నీని కాపాడటానికే ఇస్తారు.

మరి ఈ మందులతో ఇబ్బందులు లేవా? ఉన్నాయి. చాలావాటికి పరిష్కారం కూడా ఉంది.

• ఆమ్లోడిపిన్: కొందరికి పాదాలు వాస్తాయి. డాక్టరు మోతాదు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు.
• ఎనలాప్రిల్: కొందరికి పొడిదగ్గు వస్తుంది. మరో రకం మందు ఇస్తారు.
• టెల్మిసార్టన్: గర్భిణులు వాడకూడదు. గర్భం కోసం చూస్తున్నవారు ముందే చెప్పాలి. అప్పుడప్పుడు రక్త పరీక్ష అవసరం.
• మెట్‌ఫార్మిన్: కడుపు ఉబ్బరం, విరేచనాలు రావచ్చు. అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతాయి. ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గవచ్చు. అరికాళ్లలో తిమ్మిర్లుంటే చెప్పండి.
• గ్లిమిపిరైడ్: తిండి ఆలస్యమైతే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండె దడ వస్తే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇబ్బంది ఉందని మాత్ర మీరే ఆపేయొద్దు. అటెనోలాల్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా పెరిగి గుండెపై భారం పడుతుంది. మందు మార్చమని అడగడం మీ హక్కు.

నిజంగా జాగ్రత్తపడాల్సినవి ఇవి

నొప్పి మాత్రలు: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి. డాక్టరు చెప్పిన నాలుగైదు రోజులు వాడితే చాలామందికి ఇబ్బంది ఉండదు. కోతలప్పుడు, నాట్లప్పుడు నెలల తరబడి వేసుకుంటేనే ప్రమాదం. కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది, కిడ్నీలకు రక్తం సరిగ్గా అందదు. బీపీ మాత్ర, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నవారు వీటినీ కలిపి, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేస్తే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అయితే కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి ఈ మాత్రలు మరింత చేటు చేస్తాయన్నదాంట్లో అనుమానం లేదు.

స్టెరాయిడ్లు: కీళ్లనొప్పికి, ఆయాసానికి ఊళ్లో వేసే "పవర్ సూది"లో, పేరు లేని పొట్లాల మాత్రల్లో ఇవి ఉండొచ్చు. వెంటనే హాయిగా ఉంటుంది. వాడుతూ పోతే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఎక్కువ రోజులు వాడినవారు హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే. డాక్టరు ద్వారా మెల్లగా తగ్గించుకోవాలి.

నిద్ర మాత్రలు: ఆల్ప్రజోలం లాంటివి అలవాటుగా మారతాయి. పెద్దవాళ్లు రాత్రిపూట తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. వీటినీ ఒక్కసారిగా ఆపకూడదు.

గ్యాస్ మాత్రలు: డాక్టరు చెప్పకుండా పాంటోప్రజోల్‌ను రోజూ పరగడుపున ఏళ్ల తరబడి వేసుకునేవారున్నారు. రాత్రి భోజనం త్వరగా ముగించి, తిన్న రెండు మూడు గంటల తర్వాత పడుకుంటే చాలామందికి వీటి అవసరం తగ్గుతుంది.

మందు షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. చదువు రానివారికి కూడా ఈ గుర్తు చూపించండి.

మోకాళ్ల నొప్పికి మాత్ర కాకుండా ఏం చేయాలి?

బరువు ఒక్క కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై పడే భారం సుమారు 4 కిలోలు తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాచి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజూ రెండు పూటలా చేస్తే తొడ కండరం బలపడి మోకాలికి ఆసరా అవుతుంది. వేడి కాపడం పెట్టుకోండి. మందే కావాలంటే పైపూత జెల్ గానీ, పారాసిటమాల్ గానీ సరిపోతుందా అని డాక్టరును అడగండి.

అలవాట్లలోనూ జాగ్రత్తలున్నాయి

• ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే మనిషికి ఒక టీస్పూను లోపే. కూరలో తగ్గించి ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఎండుచేప వేసుకుంటే తగ్గించినట్టు కాదు.
• "లో సోడియం" ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవారు, టెల్మిసార్టన్ లాంటి మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వాడొద్దు.
• అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటే లెక్క అక్కడికే వస్తుంది. రాగి జావ కూడా ఎంతైనా తాగొచ్చనుకోవద్దు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు పప్పు లేదా గుడ్డు, పావు వంతు అన్నం ఉండేలా చూసుకోండి.
• పొలంలో రోజంతా ఒళ్లొంచి పనిచేసేవారికి అదే వ్యాయామం. పనుల్లేని నెలల్లో మాత్రం నడక పెట్టుకోండి. మీకు నడక కంటే ఉప్పు, చుట్ట, బీడీ, ఖైనీ, మందు తగ్గించడం ముఖ్యం.
• షుగర్ ఉన్నవారు చెప్పుల్లేకుండా నడవొద్దు. కాలికి గాయమైనా తెలియదు.
• కాకరకాయ రసం, పేరు తెలియని "షుగర్ పొడి" మాత్రకు బదులు కావు. వాడుతుంటే డాక్టరు దగ్గర దాచొద్దు.

ఈ వారం చేయాల్సిన పని

ఇంట్లో ఉన్న మందులన్నీ, అంటే డాక్టరు రాసినవి, షాపులో కొన్నవి, పొట్లాలు, పొడులు, సగం వాడిన షీట్లు ఒక సంచిలో వేసి ఉపకేంద్రానికో, పీహెచ్‌సీకో తీసుకెళ్లండి. మూడు ప్రశ్నలు అడగండి:

1. ఇది దేనికి? వేసుకోకపోతే నాకు ఏమవుతుంది?
2. దీనితో ఏ ఇబ్బంది రావచ్చు? దాన్ని ఎలా గుర్తించాలి?
3. నేను ఏ అలవాటు మార్చుకుంటే ఇది తగ్గించవచ్చు? ఎన్ని నెలల తర్వాత మళ్లీ చూస్తారు?

మూడో ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు. కొందరికి బరువు, బీపీ, షుగర్ తగ్గాక డాక్టర్లే మాత్రలు తగ్గిస్తారు. కొందరికి జీవితాంతం అవసరమవుతాయి. తేల్చాల్సింది పరీక్షలో వచ్చిన అంకె, మీ డాక్టరు. పక్కింటివాళ్ల మాటో, ఫోనులో వచ్చిన వీడియోనో కాదు.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు

• 104: ఆరోగ్య సలహా
• 108: అంబులెన్సు. మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం పక్షవాతం లక్షణాలు. తెల్లారేదాకా ఆగొద్దు.
• 1800 180 3024: మందు వికటిస్తే తెలియజేయడానికి టోల్ ఫ్రీ నంబరు

ఈ పత్రాన్ని ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. నొప్పి మాత్రల భాగం మాత్రం రెండుసార్లు చదవండి.