బల్లకు అవతలి వైపు

పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. భూషణం ధరించడానికే గాని పెట్టెలో దాచిపెట్టడానికి కాదు. కార్యాలయంలో ఉదయం నుంచి సాయంత్రం దాకా మనం చదివేది కాగితాలే. నివేదికలు, సర్క్యులర్లు, టెండర్లు, తనిఖీ పత్రాలు! ఇన్ని చదివిన కళ్ళతో ఇంటికి వచ్చి మళ్ళీ పుస్తకం తెరవడం ఎందుకని మిత్రులు అడుగుతూ ఉంటారు. ఈ మధ్య చదివిన అయిదు పుస్తకాలను ముందుంచి ఆ ప్రశ్నకు సమాధానం చెప్పదలచుకున్నాను. ఒకటి యాత్రాచరిత్ర, రెండవది అడవి నవల, మూడవది వ్యంగ్య నవల, నాలుగవది ఆత్మకథ, అయిదవది హాస్యకథల సంపుటి. ఒక క్రమం పెట్టుకుని ఎంచుకున్నవి కావు. అయితే చదవడం ముగిశాక ఒక సంగతి తోచింది. మొదటి నాలుగింటి రచయితలూ ఏదో ఒక కొలువు చేసి జీతం పుచ్చుకున్నవారే. కొలువులో ఉండి లోకాన్ని చూచినవారే. ఇవి విమర్శకుని తీర్పులు కావు. సాటి ఉద్యోగి అభిప్రాయాలుగా మాత్రమే పాఠకులు స్వీకరించ ప్రార్థన.

కాశీయాత్ర చరిత్ర

ఏనుగుల వీరాస్వామయ్య మదరాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అంటే దుబాసీ. 1830 మే 18న మదరాసు నుంచి బయలుదేరి హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూచుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. రైలు లేని కాలం. పల్లకీలు, బోయీలు, పెద్ద పరివారం. దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపిన సంగతులే ఈ గ్రంథం. వీరాస్వామయ్య మరణానంతరం 1838లో పిళ్ళగారు దీనిని అచ్చు వేయించారు.

యాత్రాగ్రంథం అనగానే పుణ్యక్షేత్రాల మాహాత్మ్యమే ఉంటుందని అనుకుంటాం. ఇందులో అంతకంటె ఎక్కువగా కనబడేది దారి. ఏ మజిలీలో మంచినీళ్ళు దొరుకుతాయి, ఏ ఊరిలో అంగళ్ళు ఉన్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఏ నది దాటడం ఎంత కష్టం అన్న వివరాలన్నీ ఓపికగా నమోదయ్యాయి. వరుసగా చదువుతుంటే మజిలీల పట్టిక కొంత విసుగు పుట్టిస్తుంది. ఇంగ్లీషువారి పరిపాలనపై ఆయనకున్న మెచ్చుకోలు నేటి పాఠకునికి కొరుకుడు పడదు. అయినా గ్రంథం మీద నా గౌరవం తగ్గలేదు. తన వెనుక అదే దారిన నడవబోయే మనిషి అవసరం ఏమిటో ఊహించి వ్రాయడమే కారణం. మనం వ్రాసే క్షేత్రపర్యటన నివేదికలను ఎవరైనా పనికివచ్చే వస్తువుగా చదువుతారా అని ఆలోచింపజేసిన పుస్తకం ఇది.

వనవాసి

బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ అనగానే 'పథేర్ పాంచాలి' గుర్తుకు వస్తుంది. అయిదింటిలో నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఆయన 'ఆరణ్యక్'. సూరంపూడి సీతారాం తెలుగు చేసిన 'వనవాసి' అదే. బిభూతిభూషణ్ కొంతకాలం భాగల్పూరు ప్రాంతంలో ఒక జమీందారీ ఎస్టేటు ఉద్యోగం చేశారు. ఆ అనుభవమే ఈ నవలకు మూలం.

కథానాయకుడు సత్యచరణ్ కలకత్తాలో చదువుకున్న నిరుద్యోగి. అతనికి దొరికిన ఉద్యోగం బీహారు అడవిలో వేల బిఘాల భూమికి మేనేజరుగిరీ. మొదట్లో ఆ ఒంటరితనం అతనికి దుర్భరం. క్రమంగా అడవి అతనిని వశం చేసుకుంటుంది. వెన్నెల, అడవిపూలు, సరస్వతీకుండం అనే సరస్సు, వీటన్నిటికీ అతడు బందీ అవుతాడు. అయితే అతడు చేయవలసిన ఉద్యోగం ఏమిటి? ఆ అడవిని కౌలుదార్లకు పంచి, చెట్లు కొట్టించి, సాగులోకి తేవడం. తాను ప్రేమించినదానిని తన సంతకంతోనే తుడిచివేయాలి. సరస్వతీకుండం చుట్టూ ఉన్న భూమిని వీలైనంత కాలం పంపకం చేయకుండా ఆపుతాడు గాని ఎంతకాలం ఆపగలడు?

ఈ నవలలో యుగళప్రసాదు అనే పాత్ర ఉంది. అతడు ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు, విత్తనాలు తెచ్చి అడవిలో నాటుతుంటాడు. ఆ భూమి అతనిది కాదు, ఆ పూల వల్ల అతనికి దక్కేదీ లేదు. ఒకపక్క ఉద్యోగధర్మంగా అడవిని కొట్టించే మేనేజరు, మరొకపక్క ఏ లాభమూ ఆశించకుండా మొక్కలు నాటే బీదవాడు! ఇద్దరూ స్నేహితులు. రచయిత ఎవరినీ దుష్టునిగా చూపలేదు. అడవిలోకి వచ్చే కౌలుదార్లు కూడా ఆకలితో వచ్చినవారే. వరి అన్నం ఒక్కపూట దొరుకుతుందంటే మైళ్ళకొద్దీ నడిచి వచ్చే జనం ఇందులో కనిపిస్తారు. వారికి భూమి వద్దని ఏ నోటితో అనగలం?

గనులకు, ఆనకట్టలకు, కర్మాగారాలకు భూమి సేకరించే సంస్థలలో పనిచేసేవారందరూ ఈ నవల చదవాలని నా కోరిక. అభివృద్ధి వద్దని చెప్పడానికి కాదు. సేకరించిన భూమి వివరాలు నింపే గడిలో హెక్టార్ల అంకె మాత్రమే పడుతుంది. ఆ అంకె వెనుక ఏముండేదో తెలిసిన చేయి ఆ గడి నింపితే పని మరింత జాగ్రత్తగా జరుగుతుంది.

రాగ్ దర్బారీ

శ్రీలాల్ శుక్ల ఉత్తరప్రదేశ్ ప్రభుత్వోద్యోగి. 1968లో వెలువడిన ఈ హిందీ నవలకు 1969 సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పేరు చూచి సంగీతగ్రంథమని భ్రమపడరాదు. శివపాల్‌గంజ్ అనే ఊరిలో కళాశాల, సహకార సంఘం, పంచాయతీ ఒక్క వైద్యజీ గుప్పిటిలోకి ఎలా చేరాయో చెప్పే వ్యంగ్య నవల. నేను హిందీలోనే చదివాను. పలుకుబడుల దగ్గర ఆగి ఆగి చదవవలసి వచ్చినా నవ్వు మాత్రం ఆగలేదు.

ఆ నవ్వు ఒక్కచోట గొంతుకు అడ్డం పడుతుంది. లంగడ్ అనే కుంటివానికి తహసీలు కచేరీ నుంచి ఒక నకలు కావాలి. లంచం ఇవ్వనని అతని పట్టుదల. నీతో లంచం పుచ్చుకోను, నిబంధన ప్రకారమే ఇస్తానని గుమాస్తా పట్టుదల. ఇక దరఖాస్తులో లోపం, తిరిగి దరఖాస్తు, మళ్ళీ ఒక లోపం! తీరా నకలు సిద్ధమైననాటికి లంగడ్ జ్వరంతో పడి ఉన్నాడు. గడువు దాటిపోవడంతో నకలు నాశనం చేశారు. ఇందులో ఏ నిబంధనా అతిక్రమింపబడలేదు. అసలు బాధ అదే.

ఈ నవలలో లోపాలు లేకపోలేదు. స్త్రీ పాత్రలు దాదాపు లేవు. అందరినీ సమానంగా ఎగతాళి చేయడంలో రచయిత ఎక్కడా ఆశకు చోటు ఇవ్వలేదు. అయినా 'రేపు రండి' అనే మాట బల్లకు అవతల నిలుచున్నవానికి ఎలా వినబడుతుందో లంగడ్ చెప్పినంత బాగా ఏ శిక్షణ తరగతీ చెప్పలేదు.

ఒక విజేత ఆత్మకథ

డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం అరుణ్ తివారితో కలిసి వ్రాసిన ఆత్మకథ 1999లో ఇంగ్లీషులో వెలువడింది. దీనికి వాడ్రేవు చినవీరభద్రుడు చేసిన అనువాదం ఇది. రామేశ్వరం బాల్యం గురించి చాలామందికి తెలుసు. ఉద్యోగులు ఆగి చదవవలసిన ఘట్టం 1979 ఆగస్టు 10 నాటిది. ఆనాడు శ్రీహరికోట నుంచి ఎగసిన తొలి ఎస్‌ఎల్‌వి-3 సముద్రంలో పడిపోయింది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోవడం కారణమని తేలింది. సమీక్షలో కలాం ఆ బాధ్యత తనదేనని లేచి చెప్పారు. పైవారు ఆయనకు అండగా నిలిచారు. 1980 జూలై 18న అదే బృందం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది.

గ్రంథం రెండవ సగంలో క్షిపణుల వివరాలు, ఉపదేశాలు కొంత బరువుగా సాగుతాయి. కాని నింద ఎవరి మీదికి నెట్టాలన్న చర్చ లేకుండా లోపం ఎక్కడ ఉందన్న చర్చ జరగడం అరుదైన విషయం. ఆ ఘట్టం కోసమైనా ఈ పుస్తకం కొనవచ్చు.

అత్తగారి కథలు

చివరిది ఇంటిల్లిపాదికీ పనికివచ్చేది. నటి, గాయని, దర్శకురాలు అయిన భానుమతీ రామకృష్ణ వ్రాసిన ఈ కథలలో కోడలు పనిమీద బయట తిరుగుతుంటే ఇంటి పెత్తనమంతా అత్తగారిదే. ఆచారం, పొదుపు, అమాయకత్వం, మొండితనం కలగలిసిన మూర్తి ఆమె. ఎంత నవ్వించినా కోడలు ఆమెను చులకన చేయదు. అత్తాకోడళ్ళంటే కలహమే అనుకునే కథల మధ్య ఇది మేలైన మార్పు. కొన్ని కథలలో హాస్యం ఒకే దారిన నడుస్తుంది కనుక ఒక్కసారిగా కాక రోజుకొకటి చొప్పున చదువుకోవడం మంచిది. ఒకరు చదువుతుంటే తక్కినవారు వినడం మరీ మంచిది.

మనం చదివే ఆఫీసు కాగితాలలో మనిషి 'దరఖాస్తుదారు'గానో, 'నిర్వాసితుడు'గానో, 'లబ్ధిదారు'గానో ఉంటాడు. పుస్తకంలో అతనికి పేరు, ఆకలి, జ్వరం, పట్టుదల ఉంటాయి. రోజంతా కాగితాలు చదివే మనకే పుస్తకాలు మరింత అవసరమని నేననడం అందుకే. అయిదూ చదివే తీరిక లేనివారు 'వనవాసి'తో మొదలుపెట్టవచ్చు. అడవిలో పూలు నాటిన యుగళప్రసాదును కలుసుకున్నాక తక్కిన నాలుగింటికీ తీరిక దానంతట అదే దొరుకుతుందని నా నమ్మకం.