కాలువలు కట్టిన నాళ్లలో బిళ్ళగన్నేరు

ద్రాక్షారామ ప్రాంతపు రైతులకు పూలమొక్కల విషయమున నీటిపొదుపు చెప్పబూనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు కాలువ మన పొలముల గట్టుదాక వచ్చుచున్నది గదా యందురు. నిజమే. కాని వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసిన పిమ్మట చెరువునీరు మనుష్యులకును పశువులకును చాలిన జాలును. మల్లెపాదునకు సయితము బిందెలు లెక్కించి పోయవలసివచ్చును. అట్టి నాళ్లలోను పూయుట మానని మొక్క బిళ్ళగన్నేరు.

దీని పుట్టిల్లు మడగాస్కరు దీవి. ఇసుకనేలలోను గోడపగుళ్లలోను తనంతట మొలచును. విషపుటాకు గాన మేకలు ముట్టవు. కంచెలేని పెరడు గలవారికి ఇది చిన్న లాభము కాదు.

దీనిని చంపునది ఎండ గాదు, నీరు. మా యనుభవమే చెప్పెదము. ఒక వర్షకాలమున ప్రదర్శనకై జిగటనేలలో మట్టసముగా నాటిన మొక్కలు వరుసగా తలలు వాల్చినవి. దాహమని తలచి కడవలతో పోయించితిమి. మఱింత వాడినవి. పెఱికి చూడగా వేళ్లు నల్లబడి మెత్తగా చివికియున్నవి. చూడవచ్చిన రైతొకరు "నీళ్లు త్రాగి చచ్చినవండీ" అనిరి. మాకు బదులు తోచలేదు.

కావున వాడిన మొక్కను చూచినంతనే బిందె యెత్తరాదు. మధ్యాహ్నమున వాలిన ఆకులు సాయంకాలమునకు లేచెనేని నీళ్లక్కరలేదు. తెల్లవాఱినను వాలియే యున్నచో, వ్రేలిని మట్టిలో రెండంగుళములు దింపి చూడుడు. పొడిగా నున్న దాహము; తడిగా నున్న తెగులు. తెగులుపట్టినదానిని పెఱికి దూరముగా పాఱవేసి, ఆ చోట మరల నదే మొక్క నాటకుడు.

జానెడెత్తు మడి కట్టి, మట్టిలో గోదావరి యిసుకయు కొద్దిగా చివికిన పెంటయు గలుపవలెను. బలమెక్కువైన ఆకే గాని పూవుండదు. విత్తులు మొలచుటకు చీకటి కావలెను గాన పైన పలుచగా మన్ను గప్పుడు. రెండు నెలల నాఱును అడుగెడముగా నాటి, వేరూనువఱకు దినము విడిచి దినము తడుపుడు. పిమ్మట వేసవిలో వారమున కొకమాఱు చాలును. కుదుళ్లకు వరిగడ్డి పఱవవచ్చును గాని కాడకు తగులనీయరాదు. రెండు మూడేండ్లకు మొక్క బోసిపోవును. సగమునకు కత్తిరించిన చివుళ్లు వచ్చును.

మధుమేహమునకు దీని యాకు కషాయము త్రాగువారు మన యూళ్లలో గలరు. ఇట్టి వాడుకనే విని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనువారు పరీక్షింపగా చక్కెర తగ్గలేదు సరికదా, రసమును సూదితో నెక్కించిన యెలుకల నెత్తుటిలోని తెల్లకణములు పడిపోయి అవి రోగములపాలై చచ్చినవి. ఆ విషమునుండియే 1958లో వింబ్లాస్టిను అను క్యాన్సరు మందు వెలువడినది. పిమ్మట వచ్చిన విన్‌క్రిస్టినును పిల్లల రక్తపు క్యాన్సరునకు వైద్యులు మిల్లీగ్రాముల లెక్కన నిచ్చుచున్నారు. అట్టి యాకును గుప్పెళ్ల లెక్కన కాచి త్రాగకుడు. దీనిని నమ్మి ఆస్పత్రిలో నిచ్చిన మాత్రలు మానకుడు. పూలు కోసిన పిల్లలచేత చేతులు కడిగింపుడు.