ఏనుగు మిగిలింది, అక్షరం పోయింది

నేను హోసూరు బ్రాంచిలో ఉండగా ఒక రైతు, దుక్కిలో దొరికిన రాగి బిళ్ళ తెచ్చి "ఇది ఎవరి కాలందో చెప్పండి సార్" అన్నాడు. ఒకవైపు ఏనుగు. రెండోవైపు నున్నగా ఉంది. వాళ్ళమ్మ చింతపండుతో తోమి తళతళలాడించిందట!

ఏనుగును చూడగానే టిప్పు సుల్తాను కాసు అనుకుంటాం. కృష్ణగిరి 1792 దాకా, హోసూరు 1799 దాకా ఆయన ఏలుబడిలోవే. కానీ ఆయన తర్వాత మైసూరు గద్దెనెక్కిన కృష్ణరాజ ఒడయరు కాసులమీదా ఏనుగుంది. పక్క సీమ కాసు ఇక్కడికి రావడం ఎంతసేపు? తేడా చెప్పేది అక్షరాలే. టిప్పు కాసు వెనక పర్షియన్ లిపిలో టంకశాల పేరుంటుంది. ఒడయరు కాసులపై కన్నడం కనిపిస్తుంది.

కాబట్టి ఇలాంటిది దొరికితే తోమకండి. మంచినీళ్ళతో మట్టి వదిలించి, ఆరబెట్టి, ఏ చేనులో దొరికిందో రాసిపెట్టండి. భూమిలో దాగి ఉన్న సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది.

చిరిగిన నోటుకైతే బ్యాంకులో మార్పిడి ఉంది. అరిగిపోయిన అక్షరానికి ఏ కౌంటరులోనూ లేదు.