ఎలిజబెత్ వారెన్ పుట్టిల్లు

అమెరికా తూర్పు తీరంలో ఇంగ్లండ్ వలసలు నెలకొన్న పదిహేడో శతాబ్దపు కుటుంబాల చరిత్రను వెదికేవారికి పత్రాలు దొరకకపోవడం కంటే దొరికినవి ఒకదానితో ఒకటి పొసగకపోవడమే పెద్ద చిక్కు. ఒకే మనిషికి ఒక పుస్తకం ఒక తండ్రిని, ఇంకో పుస్తకం వేరొక తండ్రిని చూపినప్పుడు దేన్ని నమ్మాలో తేల్చడానికి వంశచరిత్రకారులు ఒక పద్ధతిని ఏర్పరచుకొన్నారు. మేఫ్లవర్ అనే ఓడలో వచ్చిన రిచర్డ్ వారెన్ భార్య ఎలిజబెత్ ఉదంతంలో ఆ పద్ధతి పనిచేసే తీరు స్పష్టంగా కనిపిస్తుంది.

1620లో ఇప్పటి మసాచుసెట్స్ తీరానికి వచ్చిన వారెన్, భార్యాబిడ్డలను ఇంగ్లండ్‌లోనే ఉంచి వచ్చాడు. 1623లో ఆన్ అనే ఓడలో ఎలిజబెత్, ఐదుగురు కుమార్తెలు ఆ తీరంలోని ప్లిమత్ కాలనీకి చేరగా, ఇద్దరు కుమారులు అక్కడే పుట్టారు. 1628లో భర్త పోయాక 45 ఏళ్లు వితంతువుగా సంసారాన్ని నెట్టుకొచ్చిన ఆమె, తొంభై దాటిన వయసులో 1673 అక్టోబరు 2న మరణించిందని కాలనీ రికార్డు చెబుతోంది. ఏడుగురు సంతానమూ పెరిగి పెద్దవారై బిడ్డలను కన్నందువల్ల ఈ దంపతుల వంశం విస్తారంగా అల్లుకుంది. అమెరికా అధ్యక్షులు యులిసిస్ గ్రాంట్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆ వంశంలోని వారే. ఇంత వంశం ఉన్నా ఎలిజబెత్ ఎవరి బిడ్డో ప్లిమత్ పత్రాల్లో ఎక్కడా లేదు. కాలనీ గవర్నర్ విలియం బ్రాడ్‌ఫర్డ్ తాను రాసిన మేఫ్లవర్ ప్రయాణికుల జాబితాలో ఆమెను వారెన్ భార్యగా ప్రస్తావించి ఊరుకొన్నాడు.

ఆ ఖాళీని తరువాతి కాలపు రచయితలు తమకు తోచినట్లు పూరించారు. ఆమె పుట్టింటి పేరు జువాట్ అనీ, వారెన్‌ను పెళ్లాడేనాటికే మార్ష్ అనే వ్యక్తికి వితంతువనీ కొన్ని గ్రంథాలు రాయగా, వాటిని చూసి మరికొన్ని రాశాయి. ఇక్కడే వంశచరిత్రకారుడి మొదటి సూత్రం అక్కరకు వస్తుంది: పదిమంది ఒకరి నోట విన్న మాటనే చెబితే అది పది సాక్ష్యాలు కాదు, ఒకటే. ప్రతి సమాచారాన్నీ మొదట చెప్పినది ఎవరు, వారికి ఆ సంగతి స్వయంగా తెలిసే వీలుందా, జరిగిన ఎన్నాళ్లకు చెప్పారు, అలా చెప్పడంలో వారికి లాభమేమైనా ఉందా అని విచారించాలి. ఈ చివరి ప్రశ్న వట్టి అనుమానం కాదు. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన గుస్టావ్ అంజూ అనే వ్యక్తి సంపన్నులకు గొప్ప వంశాలను అంటగట్టే కల్పిత వంశావళులను తయారుచేసి అమ్ముకొన్నాడు. జువాట్ కథను ఈ ప్రశ్నలకు నిలబెడితే, ఆ మార్ష్ వితంతువే ప్లిమత్‌లోని ఎలిజబెత్ అని చెప్పే సమకాలీన పత్రం ఒక్కటీ లేదని తేలుతుంది.

ఆధారం చివరకు లండన్‌కు ఉత్తరాన హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని గ్రేట్ ఆమ్‌వెల్ అనే ఊళ్లో దొరికింది. ఎడ్వర్డ్ డేవిస్ అనే పరిశోధకుడు 2003లో ది అమెరికన్ జీనియాలజిస్ట్ పత్రికలో దాన్ని వెల్లడించాడు. పారిష్ రిజిస్టర్, అంటే బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలను చర్చిలో ఎప్పటికప్పుడు నమోదు చేసే పుస్తకం, 1610 ఏప్రిల్ 14న అక్కడ రిచర్డ్ వారెన్‌కు, ఎలిజబెత్ వాకర్‌కు పెళ్లయినట్లు చూపుతుంది. అయితే రిచర్డ్ వారెన్ అనే పేరు ఇంగ్లండ్‌లో అరుదైనదేమీ కాదు కనుక పేరు కలిసినంత మాత్రాన ఇతడే అతడని ఒప్పుకోవడానికి వీల్లేదు. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా కలిపేయడమే ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు. ఆ సందేహాన్ని తీర్చింది వీలునామా. 1613 ఏప్రిల్‌లో ఆగస్టీన్ వాకర్ అనే వ్యక్తి రాసిన మరణశాసనంలో కుమార్తె ఎలిజబెత్ వారెన్ పేరు, ఆమె బిడ్డలు మేరీ, ఆన్, సారాల పేర్లు ఉన్నాయి. అక్కడికి పద్నాలుగేళ్ల తరువాత, సముద్రానికి ఆవలి ఒడ్డున, ప్లిమత్ వాసులు 1627లో పశువులను పంచుకొన్నప్పుడు రాసిన పట్టీలో వారెన్ కుమార్తెలు మేరీ, ఆన్, సారా, ఎలిజబెత్, అబిగెయిల్ అని వరుసగా కనిపిస్తారు. మొదటి మూడు పేర్లు వీలునామా వరుసలోనే ఉన్నాయి. చివరి ఇద్దరూ వీలునామా తరువాత పుట్టినవారనుకొంటే అన్నీ సరిపోతాయి. ఆవుల పంపకం రాసినవారికి హార్ట్‌ఫర్డ్‌షైర్ వీలునామాతో ఏ సంబంధమూ లేదు, కాబట్టి ఒకదాన్ని చూసి మరొకటి రాసే అవకాశమే లేదు. స్వతంత్ర సాక్ష్యమంటే ఇదే.

తేదీల విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఇంగ్లండ్‌లోనూ దాని వలసల్లోనూ 1752కు ముందు సంవత్సరాది మార్చి 25న వచ్చేది. అందువల్ల అప్పటి రిజిస్టర్‌లో 1610 ఫిబ్రవరి అని ఉంటే అది మన లెక్కలో 1611 అవుతుంది. పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్లో, తండ్రి పోయిన చాలాకాలానికి కొడుకు పుట్టినట్లో కనిపించే వైరుధ్యాల్లో కొన్ని ఈ ఒక్క సవరణతో విడిపోతాయి. వారెన్ పెళ్లి ఏప్రిల్‌లో జరగడం వల్ల ఆ పేచీ రాలేదు. వీలునామాల్లోనూ ఇలాంటి మెలిక ఉంది. వాటా ముందే అందుకొన్న బిడ్డను తండ్రి అందులో పేర్కొనకపోవచ్చు కాబట్టి, పేరు ఉండటం బలమైన సాక్ష్యమైనా లేకపోవడం ఏమంత సాక్ష్యం కాదు.

భార్య పుట్టిల్లు తేలినా భర్త మాట తేలలేదు. రిచర్డ్ వారెన్ తల్లిదండ్రులెవరో నేటికీ నిర్ధారణ కాలేదు. ఆయనను ప్రభువుల వంశానికి ముడిపెట్టే పట్టికలు మాత్రం నేటికీ చలామణిలో ఉన్నాయి. ఆయన తండ్రి పేరు నింపి ఉన్న వంశవృక్షం ఏది కనబడినా, దానికి ఆధారమైన పత్రమేదో అడిగి చూడనిదే పాఠకులు దాన్ని నమ్మవద్దు.