ఆడి వదిలేయకండి.. రాసి పంపండి!

సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కితే మలుపుల్లో తిరిగేది మన బస్సు. పాతకాలం రేసింగ్ గేముల్లో మాత్రం పూర్తిగా రివర్స్! కారు తెర మధ్యలోనే ఉంటుంది, రోడ్డే మెలికలు తిరుగుతూ మనవైపు వస్తుంది. దూరంగా ఉన్న చెట్లు, బోర్డుల బొమ్మల్ని క్రమంగా పెద్దవి చేస్తూ లోతు ఉన్నట్టు భ్రమ కల్పించడమే కిటుకు. 1986లో సెగా తెచ్చిన ‘అవుట్‌రన్’ ఇలాంటిదే. ఆ స్టైల్ మీద ఇష్టంతో బ్రెజిల్ డెవలపర్ ఆన్స్‌డోర్ సొంతంగా ఇంజిన్ రాసుకుని 2018లో ‘స్లిప్‌స్ట్రీమ్’ విడుదల చేశాడు. ఫోన్లో ఆడేవాళ్లకు 2015లో వచ్చిన ‘హొరైజన్ చేజ్’ ఉంది.

సరే, దీనికీ ఉద్యోగానికీ సంబంధం ఏంటంటారా?

‘సూపర్ బ్రో’ చాలదు

ఇండీ గేములను చాలావరకు ఒకరిద్దరే తయారుచేస్తారు. టెస్టింగ్‌కు వేరే టీమ్ ఉండదు. అందుకే ఇచ్.ఐఓలో డెమోలు, స్టీమ్‌లో ప్లేటెస్టులు పెట్టి ఆడినవాళ్ల అభిప్రాయం అడుగుతారు. మొదట్లో నేనూ ఒక గేమ్‌కి ‘బాగుంది, కంట్రోల్స్ బాలేవు’ అని రాసి పంపాను. ‘ఏ ట్రాక్‌లో? కీబోర్డా, గేమ్‌ప్యాడా?’ అని డెవలపర్ తిరిగి అడిగితే నా దగ్గర జవాబు లేదు!

పనికొచ్చే రిపోర్టు ఇలా ఉంటుంది: ‘రెండో ట్రాక్, మూడో మలుపు. యాక్సిలరేటర్, ఎడమ బాణం, బ్రేక్ కలిపి నొక్కితే కారు డ్రిఫ్ట్ అవ్వాలి. అవ్వకుండా నేరుగా వెళ్లి బోర్డును గుద్దుతోంది. పదిసార్లలో ఏడుసార్లు ఇంతే. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, కీబోర్డు.’

పంపేముందు ఇంకో కీబోర్డుతోనూ చూడండి. కొన్ని కీబోర్డులు మూడు మీటలు ఒకేసారి నొక్కితే ఒకదాన్ని పట్టించుకోవు. అప్పుడు తప్పు గేమ్‌ది కాదు. అలాగే బగ్ వేరు, అభిప్రాయం వేరు. ‘కష్టంగా ఉంది’ అనేది అభిప్రాయం. ఏ మలుపు దగ్గర విసుగొచ్చి ఆపేశారో చెబితేనే ఉపయోగం.

ఇంటర్వ్యూలో చూపించండి

ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది.. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో రోజూ రాసే బగ్ రిపోర్టుకు ఇవే మూలం. గేమ్ అయినా, బ్యాంకు యాప్ అయినా పద్ధతి మారదు. ‘ఫ్రెషర్‌వి కదా, ఏం చేశావ్?’ అని అడిగినప్పుడు ‘టెస్టింగ్ అంటే ఆసక్తి సార్’ అనడం కన్నా, రాసిన మూడు రిపోర్టులు చూపించడం మేలు. ఒక్కదానికైనా డెవలపర్ ‘సరిచేశాం’ అని జవాబిచ్చి ఉంటే దాన్నీ జతచేయండి.

వీటితోనే ఆఫర్ లెటర్ వస్తుందని చెప్పను. కానీ కాలేజీ ఏదైనా, ఊరు శ్రీకాకుళమైనా విజయనగరమైనా ఈ పనికి రూపాయి ఖర్చులేదు. ఈ ఆదివారం ఒక ఉచిత డెమో తీసుకోండి. ఇరవై నిమిషాలు ఆడండి, పది నిమిషాలు రాయండి. గెలిచిన రేసు గురించి కాదు.. ఆగిపోయిన చోటు గురించి.