చక్రానికి చోటు

1940 సెప్టెంబరు 23న అమెరికాలోని క్యాంప్ హోలబర్డ్ సైనిక స్థావరానికి బాంటమ్ కంపెనీ ఒక చిన్న బండిని తెచ్చి అప్పగించింది. సైన్యం ఇచ్చిన గడువు 49 రోజులే. కార్ల్ ప్రాబ్‌స్ట్ గీసిన ఆ నమూనాకు వారసులుగా విల్లీస్, ఫోర్డ్ కర్మాగారాల నుంచి యుద్ధకాలంలో ఆరు లక్షలకు పైగా జీపులు వచ్చాయి. విల్లీస్ జీపు ముందు మడ్‌గార్డుల్ని ఎప్పుడైనా గమనించారా? బల్లపరుపు రేకు, వంచిన అంచు, అంతే. సన్నటి టైరు పైన బోలెడంత చోటు. దానికి టైరు రాసుకోవడమన్న జబ్బు తెలియదు.

1947లో ఆ జీపుల విడిభాగాలు బొంబాయికి వచ్చాయి. మహీంద్రా వాళ్లు వాటిని బిగించి అమ్మడం మొదలుపెట్టారు. ముందూ వెనకా కమాన్‌పట్టీల మీద నడిచిన ఆ వంశంలోనే 2010లో థార్ పుట్టింది. 2020లో దాన్ని దాదాపు కొత్తగా తయారుచేశారు: వెనక కమాన్‌పట్టీల స్థానంలో కాయిల్ స్ప్రింగులు చేరాయి, చక్రాల గూళ్లలో ప్లాస్టిక్ తొడుగులు వచ్చాయి. పెద్ద టైరు వేయించి, మలుపులో ‘గర్‌ర్’ మని చప్పుడొచ్చాక మెకానిక్ దగ్గరికి పరుగెత్తే కాలమూ వచ్చింది.

చిక్కంతా ఆ గూడును ఖాళీ స్థలమనుకోవడంలోనే ఉంది. బండి నిలబడి ఉన్నప్పుడే అది ఖాళీ. చక్రం గుంతలో కిందికి జారాలి, గట్టెక్కి పైకి లేవాలి, అదే సమయంలో పక్కకూ తిరగాలి. ఈ కదలికలన్నీ కలిపితే టైరు ఆక్రమించే ఆకారాన్ని ఇంజినీరు ముందే లెక్కగట్టి, దాని చుట్టూ రేకు వంచాడు. మనం టైరు మార్చిన రోజున ఆ ఆకారం పెరుగుతుంది, రేకు మాత్రం పెరగదు.

ఎంత పెరుగుతుందో టైరు మీది అంకెలే చెబుతాయి. థార్‌లో 18 అంగుళాల చక్రాలున్న రకానికి వచ్చే టైరు 255/65 ఆర్ 18. వెడల్పు 255 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం. లోపలి రిమ్ము 18 అంగుళాలు. మొత్తం వ్యాసం సుమారు 789 మిల్లీమీటర్లు. మధ్యలోని ‘ఆర్’ రేడియల్ అని చెప్పే గుర్తు. మిషెలిన్ 1946లో పేటెంటు తీసుకున్న నిర్మాణం అది. ఇప్పుడు కుర్రకారు మోజుపడే 285/70 ఆర్ 17 వేస్తే వ్యాసం 831 అవుతుంది. బండి 21 మిల్లీమీటర్లు లేస్తుంది, వెడల్పు 30 పెరుగుతుంది. స్పీడోమీటరును సరిచేయించకపోతే, ముల్లు మునుపు చూపిన 100 నిజంగానే 100 అయితే ఇప్పుడది 105. పోలీసు కెమెరాకు ఈ గణితంతో పనిలేదు.

ఇక రిమ్ము. హబ్బుకు బోల్టులు బిగించే ముఖం రిమ్ము నడిమధ్య నుంచి ఎంత దూరంలో ఉందో దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. టైరు బయటికి పొడుచుకొస్తే బండికి పహిల్వాను ఠీవి వస్తుందని తక్కువ ఆఫ్‌సెట్ రిమ్ములు కొంటారు. కానీ ముందు చక్రం తిరిగేది తన నడిమధ్యన కాదు, పైనా కిందా ఉన్న బాల్ జాయింట్ల మీదుగా పోయే గీత చుట్టూ. ఆ గీతకు టైరు దూరమయ్యేకొద్దీ ఫుల్ కటింగ్‌లో దాని బయటి అంచు గీసే వలయం పెద్దదవుతుంది. బంపరు మూల, మడ్‌గార్డు వెనక అంచు ముందుగా దెబ్బతినేది అందుకే.

దీనికి చాలామంది చెప్పే మందు బండిని ఎత్తు చేయించడం. నాకు దానిమీద సగం నమ్మకమే. స్ప్రింగు కింద రెండంగుళాల దిమ్మ పెడితే నిలబడ్డప్పుడు ఎడం పెరిగి చూడ్డానికి బాగుంటుంది. కానీ చక్రం ఎంత పైకి లేవాలో ఆపేది బంప్ స్టాప్ రబ్బరు. అది ఛాసిస్‌కే బిగించి ఉన్న బండిలో దిమ్మ ఆ హద్దును అంగుళం కూడా మార్చదు. పెద్ద గుంత తగిలితే టైరు మునుపటిలాగే పైకెళ్లి గూటిని గీకుతుంది. అక్కడ కావలసింది పొడవైన బంప్ స్టాప్.

ముందు రోగం ఎక్కడుందో కనుక్కోవాలి. టైరు అంచుకు సుద్ద దట్టంగా పూసి, ఒక ముందు చక్రాన్ని ర్యాంపు మీదికి ఎక్కించి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పాలి. సుద్ద అంటిన చోటే మందు. మడ్ ఫ్లాప్ అయితే కత్తిరించవచ్చు. ప్లాస్టిక్ తొడుగైతే హీట్ గన్‌తో మెత్తబరచి వెనక్కి నొక్కవచ్చు. రెండు రేకుల అతుకు అంచైతే సుత్తితో మడిచి, పెయింటు లేచినచోట వెంటనే జింక్ ప్రైమరు వేయాలి. లేకుంటే ఒక వానాకాలం చాలు తుప్పుకు. బ్రేకు పైపుకు సుద్ద అంటిందంటే మాత్రం ఆ టైరు ఆ బండిది కాదు.

తక్కిన చిన్న హంగులు తేలికే. 55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు బిగిస్తే 12 వోల్టుల దగ్గర తొమ్మిది ఆంపియర్లు లాగుతాయి. నేరుగా డాష్‌బోర్డు స్విచ్చికి కలపకండి, మధ్యలో ఫ్యూజు, రిలే ఉండాలి. ఆర్సీలోని వివరాలకు, కంపెనీ నిర్దేశించిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే గట్టిగా చెప్పింది.

జీపు కంపెనీ 2021లో తానే 35 అంగుళాల టైర్లతో రాంగ్లర్ రూబికాన్‌ను అమ్మినప్పుడు బండిని అంగుళంన్నర ఎత్తింది, మడ్‌గార్డుల అంచులు పైకి జరిపింది, యాక్సిల్ గేర్లు మార్చింది, స్టెప్నీ బరువు ఆనేలా వెనక తలుపును గట్టిచేసింది. మనవాళ్లు నాలుగు టైర్లకే డబ్బు సర్ది స్టెప్నీ పాతదే ఉంచేస్తారు. థార్‌లో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు. చిన్న చక్రం ఒకటి కలిసిన బండిని తారురోడ్డు మీద ఫోర్‌వీల్‌లో నడిపితే ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడి గేర్లు బిగుసుకుంటాయి. వెనక టైరు పంక్చరైనా సరే, వెనక రెండూ ఒకే కొలతలో ఉండేలా ముందుది తీసి వెనక వేసి, స్టెప్నీని ముందు బిగించి, లీవరు వెనక చక్రాల్ని మాత్రమే తిప్పే 2హెచ్‌లో ఉంచి నెమ్మదిగా పంక్చరు షాపు దాకా రావాలి.